బడ్జీ: మగదా, ఆడదా?

నల్లగొండలో లవ్‌బర్డ్స్ పేరుతో జతలుగా అమ్మేవి చాలావరకు బడ్జీలనే చిన్న చిలుకలే. ఈకల రంగుతో పని లేదు. ముక్కు పైభాగంలో, రంధ్రాల చుట్టూ ఉండే చర్మాన్ని చూడాలి. ఎదిగిన మగదానికి అది నిండు నీలం. ఆడదానికి గోధుమ రంగు. గుడ్లు పెట్టే కాలంలో ముదిరి పొరలు కడుతుంది.

తికమకంతా పిల్లల దగ్గరే. నుదుటి చారలు పోని మూడు నాలుగు నెలల్లోపు మగదానికి ఆ చర్మమంతా గులాబీ, ఊదా కలిసినట్టుంటుంది. ఆడదానికి పాలిపోయిన నీలం, రంధ్రాల చుట్టూ తెల్లని వలయాలు. ఆ నీలం చూపించి ‘మగదే’ అని అంటగట్టేవారుంటారు, నమ్మకండి. ఎర్రకళ్ల తెలుపు, పసుపు రకాల్లోనైతే మగవి పెద్దయినా గులాబీగానే ఉంటాయి.

మగది ఎక్కువ కూస్తుంది, తల ఊపుతుంది. ఆడది గట్టిగా కొరుకుతుంది. నా లెక్కలో ఇది రెండో సాక్ష్యమే. మగదాని నీలం గోధుమకు మారితే మాత్రం పశువైద్యుడికి చూపించాలి.