మాత్రల సంగతి అడిగాకే సూది పట్టే ల్యాబ్

బెంగళూరులో మారతహళ్లి వంతెనకు దగ్గరలో, మందుల దుకాణం పైఅంతస్తులో ఉన్న ఈ చిన్న ల్యాబ్‌కు అయిదు స్టార్లలో నాలుగు ఇస్తున్నాను. నాలుగింటికీ కారణం ఒక్కటే. రక్తం తీసే ముందు ఇక్కడ మనం వాడే మాత్రలేమిటో అడుగుతారు, జవాబు విని రాసుకుంటారు.

అమ్మ కడప నుంచి మా దగ్గరికి వచ్చినప్పుడు మొదట ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లే ఒక సంస్థతో థైరాయిడ్ పరీక్ష చేయించాం. వచ్చిన కుర్రవాడు పేరు, వయసు తప్ప ఏమీ అడగలేదు. రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను) అడుగంటిపోయింది, టీ4 (ఆ గ్రంథి తయారుచేసే హార్మోను) హద్దు దాటింది. ఆ లెక్కన అమ్మకు థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తున్నట్టు. మనిషిని చూస్తే చేతుల్లో వణుకు లేదు, గుండెదడ లేదు, బరువు తగ్గలేదు. డాక్టరుగారికీ పొంతన కుదరక, వేరేచోట మళ్లీ చేయించమన్నారు.

ఇక్కడ కౌంటర్‌లో ఉన్న అమ్మాయిది మదనపల్లె. "అమ్మా, రోజూ ఏమేం మాత్రలు వేసుకుంటారు?" అంది.

"బీపీ మాత్ర ఒక్కటే తల్లీ."

"జుట్టుకు, కీళ్లకు, బలానికి ఏమైనా?"

"జుట్టు ఊడకుండా ఒకటి వేసుకుంటున్నాను. అది మందు కాదులే" అంటూ అమ్మ సంచిలోంచి డబ్బా తీసింది. దాని మీద బయోటిన్ (ఒక బి విటమిన్) 10 మిల్లీగ్రాములు అని ఉంది. అంటే 10,000 మైక్రోగ్రాములు. మనిషికి రోజుకు కావలసింది 30, 40 మైక్రోగ్రాములే.

ఆ అమ్మాయి వెంటనే ల్యాబ్ పరీక్షలు చూసే డాక్టరును, అంటే పాథాలజిస్టును పిలిచింది. ఆయన ఆ రోజు రక్తం తీయనివ్వలేదు. డాక్టరుగారితో ఫోనులో మాట్లాడి, బయోటిన్ కనీసం రెండు రోజులు మానేశాక రమ్మన్నారు. చాలా యంత్రాల్లో పరీక్ష జరిగే పద్ధతే బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే రెండు పదార్థాలు అతుక్కోవడం మీద ఆధారపడి ఉంటుందట. రక్తంలో బయోటిన్ మితిమీరి ఉంటే అదే ముందుగా వెళ్లి అతుక్కుంటుంది. అప్పుడు టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపిస్తాయి. అమ్మ రిపోర్టులో అచ్చంగా అదే జరిగింది. మాత్ర ఆపి చేయించాక రెండూ మామూలుగానే వచ్చాయి. మొదటి కాగితాన్ని నమ్మి థైరాయిడ్‌ను అణిచే మందు మొదలుపెట్టి ఉంటే అన్న ఆలోచనకే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇది థైరాయిడ్‌తో ఆగే విషయం కాదు. గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ పరీక్ష తప్పుగా తక్కువ చూపించిందనీ, అధిక మోతాదులో బయోటిన్ వాడుతున్న ఆ రోగి చనిపోయినట్టు నివేదిక అందిందనీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. అయినా ఒక్క ప్రశ్న అడగడానికి ఇన్ని ల్యాబ్‌లకు తీరిక లేదు!

కౌంటర్‌లో వీళ్లు ఇచ్చే సూచనల కాగితంలో మిగతా మందుల సంగతీ ఉంటుంది. ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ వాడితే చక్కెర, తెల్ల రక్తకణాలు పెరగవచ్చు. అక్కడ యంత్రం తప్పేమీ లేదు, రక్తమే నిజంగా మారుతుంది. కొన్ని బీపీ మాత్రలతో యూరిక్ ఆమ్లం పెరగవచ్చు, పొటాషియం తగ్గవచ్చు. థైరాయిడ్ మాత్ర వేసుకున్న కొద్ది గంటలు టీ4 ఎక్కువగా చూపవచ్చు కాబట్టి, దాన్ని వెంట తెచ్చుకుని రక్తం ఇచ్చాక మింగమంటారు. బీపీకి, చక్కెరకు, రక్తం పలచబడడానికి వాడే మందులను మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపవద్దని పెద్ద అక్షరాల్లో ఉంది. నాకు బాగా నచ్చింది ఆ వాక్యమే.

లోపాలూ ఉన్నాయి. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులవారికి కష్టం. సాయంత్రం ఇస్తామన్న రిపోర్టు మర్నాడు వచ్చింది. అయిదో స్టారు ఇవ్వకపోవడానికి అసలు కారణం వేరే ఉంది. ఇళ్లకు వెళ్లి రక్తం తెచ్చే వీళ్ల సిబ్బంది కూడా మా పక్కింటివారిని మాత్రల గురించి అడగలేదు. కౌంటర్‌లో ఇచ్చే ఆ కాగితమే వాళ్ల చేతికీ ఇచ్చి పంపాలి. అంతవరకు పెద్దవాళ్లను నేరుగా ఇక్కడికే, వాడే డబ్బాలన్నీ సంచిలో వేసుకుని తీసుకురండి.