పాత ఆటోమేటిక్ సెడాన్ కొంటున్నారా? మీటర్‌లో చూపించే మైలేజ్ నమ్మి అడ్వాన్స్ ఇవ్వకండి

హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్ పెట్రోల్ సెడాన్ కోసం తిరుగుతున్నవాళ్లకు ఈ మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు. పోయిన దసరాకు నేను 2012 మోడల్ కారు ఒకటి కొన్నాను. 1.8 లీటర్ల ఇంజన్, పాత తరహా ఆటోమేటిక్ గేర్‌బాక్స్. అమ్మకు మోకాళ్ల నొప్పులు, చిన్న కార్లలో కాళ్లు ముడుచుకుని కూర్చోలేదు. వెనక సీటు విశాలంగా ఉందని దానికే మొగ్గాము.

అమ్మినతను మమ్మల్ని ఔటర్ రింగ్ రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. పైకెక్కి స్పీడు అందుకున్నాక సగటు మైలేజ్ మీటర్‌ను రీసెట్ చేశాడు. సాయంత్రం చల్లగా ఉంది కదా అని ఏసీ వేయలేదు. 80 దాటకుండా, బ్రేకు మీద కాలు పెట్టకుండా పదిహేను కిలోమీటర్లు నడిపి 15.1 చూపించాడు. "సిటీలో ఎంత లేదన్నా 12 ఇస్తుంది సార్" అన్నాడు. ఔటర్ మీద వచ్చే అంకెకూ ఉప్పల్ సిగ్నళ్ల దగ్గర వచ్చే అంకెకూ పొంతన ఉండదని ఆ పూట నాకు తట్టలేదు.

నెల తిరక్కముందే అనుమానం వచ్చి, ఫుల్ ట్యాంక్ చేయించి లెక్క రాయడం మొదలుపెట్టాను. 292 కిలోమీటర్లకు 38.4 లీటర్లు పట్టింది, అంటే లీటరుకు 7.6. అదే ట్యాంకుకు మీటర్ చూపించింది 8.9. మళ్లీ నింపి చూశాను, 7.8. విజయవాడ వెళ్లి వచ్చినప్పుడు కూడా, ఏసీ వేసుకుని నలుగురం ఉంటే, 12 దాటలేదు.

నెలకు నేను 1,100 కిలోమీటర్లు తిరుగుతాను. లీటరు 107 రూపాయల చొప్పున, అతను చెప్పిన 12 వస్తే దాదాపు 9,800 అవ్వాలి. నాకేమో అప్పుడు 15,500 అయ్యేది. నెలనెలా 5,700 తేడా అంటే మా పాప స్కూల్ బస్సు ఫీజు కన్నా ఎక్కువ.

తెలిసిన మెకానిక్ దగ్గర చూపిస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. ఎడమవైపు ముందు చక్రం బ్రేకు పట్టేసి ఉంది, పది కిలోమీటర్లు నడిపితే ఆ చక్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. రెండోది ఇంకా పెద్దది. ఇంజన్ మరీ వేడెక్కుతోందని ఎవరో థర్మోస్టాట్ వాల్వే తీసేశారు, అంటే ఇంజన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కు వెళ్లకుండా ఆపే మూత. మన దగ్గర చాలా షెడ్లలో ఇది చేస్తారు. అది లేకపోతే ఇంజన్ కావలసిన వేడికి త్వరగా రాదు. ఇంజన్ చల్లగానే ఉందనుకుని కారులోని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పంపుతూనే ఉంటుంది. రెండూ సరిచేయించాక సిటీలో 9 వస్తోంది. అంతకు మించి రాదని మెకానిక్ ముందే చెప్పాడు.

నిజం చెప్పాలంటే, ఈ సైజు పాత ఆటోమేటిక్‌లకు ట్రాఫిక్‌లో 9 అనేది పెద్ద లోపం కాదు. కంపెనీలు ప్రకటించే అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ లేకుండా నడిపి తీసింది. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ. పాత కార్లకు దీనివల్ల 6-7 శాతం మైలేజ్ తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. నా బాధంతా 9 ఇచ్చే కారును 12 అని అమ్మడం గురించే, అది కూడా 7.6 ఇచ్చే స్థితిలో.

కాబట్టి మొత్తం డబ్బు కట్టే ముందు, పెట్రోలు ఖర్చు మీరే పెట్టుకుంటామని చెప్పి ఒక రోజు కారు అడగండి. పంపు దానంతటదే ఆగేదాకా (ఆటో కట్) నింపండి. మీరు రోజూ వెళ్లే దారిలోనే, ఏసీ వేసుకుని కనీసం 100 కిలోమీటర్లు తిప్పండి. మళ్లీ అదే బంకులో, అదే పంపు దగ్గర నింపి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించుకోండి. ఇవ్వనంటే ఆ కారు వదిలేయండి, మరొకటి దొరుకుతుంది.

చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, ముందే స్టార్ట్ చేసి ఉంచవద్దని ఫోన్‌లోనే చెప్పండి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేశాక పావుగంట నడిపినా వేడి ముల్లు మధ్యకు రాకపోయినా, హైవే ఎక్కగానే కిందికి జారినా, థర్మోస్టాట్ ఉందో లేదో విప్పి చూపించమనండి.