కమీషన్‌కు హద్దు గీయడమా, లెక్క బయట పెట్టించడమా: ఏది మేలు?

విశాఖలో హోటల్ నడిపేవాళ్లు ఇద్దరు కలిస్తే మాట గ్యాస్ బండ ధరతో మొదలై డెలివరీ యాప్ కమీషన్ దగ్గర ఆగుతుంది. "పదిహేను శాతం మించి తీసుకోకూడదని ప్రభుత్వం ఒక్క జీవో ఇస్తే చాలు" అనే మాట ద్వారకా నగర్‌లోనూ వింటాం, గాజువాకలోనూ వింటాం. వినడానికి బాగానే ఉంటుంది. జీవో వచ్చిన మర్నాటి సంగతి ఆలోచిస్తేనే నాకు అంత ఉత్సాహం రాదు. నా ఓటు రెండో దారికి. కమీషన్ ఎంతైనా వేసుకో, కానీ పైసాతో సహా లెక్క హోటల్‌వాడికీ తినేవాడికీ చూపించు అనే నిబంధనకు.

ముందు డబ్బు ఎటు పోతోందో చూద్దాం. యాప్‌లో 240 రూపాయలు రాసి ఉన్న చికెన్ బిర్యానీ. కమీషన్ పాతిక శాతం అనుకుంటే 60 రూపాయలు. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 10.80. హోటల్‌కు మిగిలేది 169.20. ఐదు శాతం జీఎస్టీ కింద ఉన్న హోటల్‌కు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే తాను కట్టిన పన్నును మినహాయించుకునే వీలు, లేదు కనుక ఆ పన్ను తిరిగి రాదు. ఉన్నదాంట్లోనే బియ్యం, కోడి, నూనె, మాస్టర్ జీతం, అద్దె, డబ్బా, చివరికి ఆ రైతా పొట్లం కూడా. అదే హద్దు 15 శాతమైతే కమీషన్ 36, పన్ను 6.48 పోగా చేతికి 197.52 వస్తుంది. పార్సిల్‌కు 28 రూపాయల 32 పైసలు తేడా. రోజుకు నలభై పార్సిళ్లు వెళ్లే చోట నెల తిరిగేసరికి ముప్పై వేలు దాటుతుంది. హద్దు కావాలని అడిగేవాళ్లను తప్పు పట్టలేం.

అయితే ఆ 28 రూపాయలు ఎవరి జేబులోంచి రావాలి? అమెరికాలో కొన్ని నగరాలు ఈ పని చేసి చూశాయి. కరోనా కాలంలో, 2020లో, శాన్‌ఫ్రాన్సిస్కో 15 శాతం హద్దు పెట్టి మరుసటి ఏడాది దాన్ని శాశ్వతం చేసింది. న్యూయార్క్ డెలివరీకి 15, మిగతా సేవలకు 5, కార్డు ఖర్చుకు 3 శాతం అని విడగొట్టింది. షికాగోలో హద్దు పెట్టగానే అక్కడి డెలివరీ యాప్ డోర్‌డ్యాష్ ఏం చేసింది? ప్రతి ఆర్డరు మీద ఒకటిన్నర డాలరు 'షికాగో ఫీజు' అని కస్టమర్‌కు వేసింది. హోటల్ దగ్గర వదిలింది తినేవాడి దగ్గర పట్టింది. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో 2022లో, న్యూయార్క్ 2025లో ఆ నియమాన్ని సడలించాయి. ఎక్కువ ప్రచారం కావాలంటే ఎక్కువ కట్టుకోవచ్చన్నాయి. కట్టకపోతే జాబితాలో అడుగుకు పోతామని భయపడే హోటల్‌కు ఆ 'కావాలంటే'లో ఎంత స్వేచ్ఛ ఉంటుందో మీరే చెప్పండి.

మన దగ్గర హద్దేమీ లేకుండానే, ప్రతి ఆర్డరుకూ కస్టమర్ దగ్గర తీసుకునే ప్లాట్‌ఫాం ఫీజు 2023లో రెండు రూపాయలతో మొదలై రెండంకెలకు చేరింది. హద్దు పెడితే యాప్‌లు డెలివరీ చేసే దూరం కూడా తగ్గించవచ్చు. బీచ్ రోడ్, సిరిపురం చుట్టూ తిరిగే ఆర్డర్లకు ఢోకా ఉండదు. పెందుర్తి, ఆనందపురం లాంటి చోట్ల ఉండేవాళ్లకే 'ఈ హోటల్ మీ ప్రాంతానికి డెలివరీ చేయదు' అని కనిపించడం మొదలవుతుందని నా అనుమానం. పైగా ఇది జీవీఎంసీ చేతిలోని పని కాదు. ట్రేడ్ లైసెన్స్ ఇచ్చే కార్పొరేషన్ కమీషన్ శాతాలు నిర్ణయించలేదు. దానికి చట్టం కావాలి, చట్టం వస్తే కోర్టు కేసులూ వస్తాయి.

ఇక రెండో దారి. మద్దిలపాలెంలో కర్రీ పాయింట్ నడిపే ఒకాయన తన ఫోన్‌లో వారం చెల్లింపు తీసి చూపించాడు. పైన అమ్మకం, అట్టడుగున ఖాతాలో పడింది. మధ్యలో కమీషన్, పన్ను, డిస్కౌంట్‌లో హోటల్ వాటా, పేమెంట్ ఖర్చు, ప్రకటనలు, రద్దయిన ఆర్డర్ల కోత. గోంగూర రొయ్యలు వండి, కట్టి, కౌంటర్ మీద పెట్టాక ఎవరో ఆర్డరు రద్దు చేశారు. దాని ఎదురుగా ఉన్న అంకె ఎలా వచ్చిందో ఆయనకూ తెలియలేదు, పక్కనుండి చూసిన నాకూ తెలియలేదు. "శాతం ఎంతన్నది తర్వాత సార్. ఎంత కోస్తాడో ముందే తెలిస్తే రేటు నేనే వేసుకుంటాను కదా" అన్నాడు. ఆ మాటలో పాయింటుంది. అన్నిటికంటే చిక్కుగా ఉన్నది ప్రకటనల వరస. ఆ ఖర్చు ఆపేసిన వారం ఆర్డర్లు సగానికి పడ్డాయట. కమీషన్‌కు హద్దు గీస్తే ఆ వరసను ఎవరూ ముట్టుకోరు సరికదా, అదే ఇంకా లావెక్కుతుంది.

లెక్క బయట పెట్టమంటే యాప్‌లు కుదరదంటాయా? జీఎస్టీ విషయంలో కుదిరింది. 2022 జనవరి 1 నుంచి హోటల్ తిండి మీద పన్ను యాప్‌లే వసూలు చేసి కట్టాలని కేంద్రం పెట్టింది. దాంతో ఒక విచిత్రం కూడా జరిగింది. ఏడాది అమ్మకం ఇరవై లక్షల లోపు ఉండి జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేని టిఫిన్ సెంటర్ ఇడ్లీకి కౌంటర్‌లో పన్ను లేదు, యాప్‌లో కొంటే ఐదు శాతం. అది వేరే చర్చ. సర్కారుకు లెక్క కావాలనుకుంటే వచ్చేసింది. అదే లెక్క పూర్ణా మార్కెట్ పక్కన పుణుగులు వేసేవాడికి ఇవ్వడానికి అడ్డేమిటి? హోటల్ పేరు కింద పద్నాలుగు అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు వేయాలని చెప్తే అదీ వేశారు.

కాబట్టి అడగాల్సింది ఇలాంటివి. కస్టమర్ బిల్లులోనే హోటల్‌కు ఎంత, యాప్‌కు ఎంత, బండి మీద తెచ్చినవాడికి ఎంత అని మూడు ముక్కలు కనబడాలి. డబ్బు కట్టి పైకి వచ్చిన హోటల్‌కు ఆ ముద్ర స్పష్టంగా ఉండాలి. కోతలు మార్చేముందు గడువు ఇవ్వాలి. కౌంటర్‌లో తక్కువకు అమ్మకూడదనే షరతు చెల్లకూడదు. ఈ చివరిది చిన్న విషయం కాదు. నేషనల్ రెస్టారెంట్ అసోసియేషన్ ఫిర్యాదు మీద, వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 2022 ఏప్రిల్‌లో జొమాటో, స్విగ్గీల మీద దర్యాప్తుకు ఆదేశించినప్పుడు చూడమన్న అంశాల్లో ధరల షరతు ఒకటి. ఈ దారిలోని లోపమూ అక్కడే ఉంది. ఇలాంటి దర్యాప్తులు ఏళ్లకేళ్లు నడుస్తాయి, ఈలోగా హోటల్ మూతపడవచ్చు. హద్దయితే, చట్టమంటూ వచ్చి కోర్టులో నిలిస్తే, ఒక్క రోజులో అమల్లోకి వస్తుంది.

మూడో దారిగా ఓఎన్‌డీసీ పేరు చెప్తారు, అంటే ఏ ఒక్క యాప్ సొంతం కాకుండా అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ కలిపే ఆన్‌లైన్ నెట్‌వర్క్. కేంద్రం వెనకుండి నడిపించిన ఆ నెట్‌వర్క్‌లో కమీషన్ తక్కువే. కానీ రాత్రి పదకొండుకు ఆకలేసిన విద్యార్థి వేలు అలవాటైన యాప్ మీదికే పోతుంది. నిబంధనలకు అది బదులు కాదు.

బండివాళ్ల సంగతి వేరే లెక్క. మే నెల ఉక్కపోతలో ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి ఎండాడ దాకా పార్సిల్ మోసేవాడికి ఈ రెండు దారులూ నేరుగా ఏమీ ఇవ్వవు. హద్దు పెడితే ముందు కోత పడేది అతని రేటుకేనని నా భయం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం యాప్‌లు టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం ఈ కార్మికుల నిధికి కట్టాలి. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో సొంత చట్టాలు చేసుకున్నాయి. అతని రక్షణ ఆ తోవలో రావాలి.

హద్దు అసలు వద్దే వద్దని అనను. 150 రూపాయల లోపు టిఫిన్ ఆర్డర్లకు పెట్టొచ్చు. అక్కడ కమీషన్ పోగా చట్నీ ఖర్చు కూడా మిగలదు. హుద్‌హుద్ లాంటి తుపాను రోజుల్లో డెలివరీ చార్జీకి తాత్కాలికంగా పెట్టొచ్చు. హోటళ్లవాళ్లు మాత్రం జీవో కోసం కూర్చోనక్కర్లేదు. కౌంటర్ రేటు, యాప్ రేటు పక్కపక్కన రాసిన బోర్డు తగిలిస్తే కస్టమర్‌కు తేడా ఆ రోజే తెలుస్తుంది. తగిలించే ముందు యాప్‌తో చేసుకున్న ఒప్పందంలో ధరల గురించిన పేరా ఒకసారి చదువుకుంటే మంచిది.