పూర్తి బిల్లా, కనీస మొత్తమా?

క్రెడిట్ కార్డు బిల్లులో రెండు అంకెలు పక్కపక్కనే కనిపిస్తాయి: మొత్తం బకాయి, కనీస చెల్లింపు. రెండోది చూడగానే ప్రాణం తేలికపడుతుంది. చిక్కంతా అక్కడే.

గడువులోగా పూర్తిగా కడితే కొనుగోళ్లపై వడ్డీ ఉండదు. బిల్లు తయారైన మర్నాడు కొన్న వస్తువుకైతే దాదాపు నెలన్నర పాటు బ్యాంకు సొమ్మును ఉచితంగా వాడుకున్నట్టే. నగదు తీస్తే మాత్రం ఈ సౌకర్యం వర్తించదు. సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ, పైగా రుసుము.

కనీస మొత్తం కడితే ఆలస్య రుసుము తప్పుతుంది, చెల్లింపు చరిత్రపై మచ్చ పడదు. అంతవరకే లాభం. బకాయి 10,000, వడ్డీ నెలకు 3 శాతం, కనీస చెల్లింపు బకాయిలో 5 శాతం అనుకుందాం. మొదటి నెల కట్టే 500లో 300 వడ్డీకే పోతుంది. కొత్తగా ఏమీ కొనకుండా ఏడాదంతా ఇలాగే కడితే చేతినుంచి సుమారు 5,380 వెళ్తుంది. అప్పు తగ్గేది 2,150 మాత్రమే! అప్పు తగ్గేకొద్దీ కనీస మొత్తమూ తగ్గుతుంది కాబట్టి తీరే రోజు ఇంకా దూరం జరుగుతుంది.

చాలామంది గమనించనిది మరొకటి ఉంది. పాత బకాయి మిగిలి ఉంటే కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు సాధారణంగా పోతుంది. పాలప్యాకెట్టు కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ.

నా ఓటు పూర్తి చెల్లింపుకే. చేతిలో డబ్బు ఆడని నెలలో కనీసమైనా కట్టాలి, కానీ బకాయి తీరేదాకా కార్డును పక్కన పెట్టాలి.