పిల్లల పుస్తకాలు ఇంట్లోనే కుట్టేవాళ్లకు విజయనగరంలో మంచి కాగితాల కొట్టు

విజయనగరంలో గంట స్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు వెళ్తుంటే పక్క సందులో ఒక పాత కాగితాల కొట్టు ఉంది. ముందు రంగురంగుల బ్యాగులూ కంపాస్ బాక్సులూ వేలాడదీసి ఉండవు కాబట్టి చాలామంది చూడకుండానే దాటిపోతారు. ప్రెస్సులకీ బైండింగ్ పనివాళ్లకీ సరుకు వేసే కొట్టు అది. అయినా మనలాంటివాళ్లు వెళ్లి ఒక దస్తా కాగితం, ఒక అట్ట, పుస్తకాల బైండింగుకి వాడే క్యాలికో గుడ్డ గజం అడిగినా విసుక్కోకుండా ఇస్తారు. పిల్లల రఫ్ పుస్తకాలు, పెన్సిల్ సంచులు సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లు ముందు ఇక్కడికే వెళ్లాలని నా మాట.

నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మా పాపకీ బాబుకీ రఫ్ పుస్తకాలు నేనే చేస్తున్నాను. ఆన్‌లైన్‌లో వచ్చే కిట్ ఒకటి తెప్పించి చూశాను. కన్నాలు ముందే పొడిచి, బొమ్మలు ముందే అచ్చేసి ఉన్నాయి. పిల్లలు స్టిక్కర్ అంటించడం తప్ప చేసేదేమీ లేదు. ఈ కొట్టులో కొన్న కాగితంతో అయితే పుస్తకం మొదటి మడత నుంచి వాళ్లదే అవుతుంది.

ఇక్కడ దస్తా అంటే నిజంగా దస్తానే, 24 ఠావులు లెక్కపెట్టి ఇస్తారు. రూళ్ల ఠావును మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు. అంటే దస్తాకి 96 పేజీలు. పన్నెండేసి ఠావులు ఒక మడతగా పెట్టి రెండు సన్న పుస్తకాలు కుట్టుకుంటే చిన్న చేతులకు బరువుండదు. మడత లోపల మూడు కన్నాలు చాలు. మధ్య కన్నంలోంచి దారం బయటికి తీసి, పై కన్నంలోంచి లోపలికి, అక్కడి నుంచి మధ్య కన్నం వదిలేసి కింది కన్నంలోంచి బయటికి, మళ్లీ మధ్య కన్నంలోంచి లోపలికి వచ్చి, అక్కడున్న పొడుగు దారానికి రెండు పక్కలా రెండు కొసలూ ఉండేలా ముడి వేయాలి. మా పాప మూడో తరగతి, ముడి దాకా తనే వేస్తుంది. కన్నాలు మాత్రం నేనే పొడుస్తాను. ఈ కొట్టులో అమ్మే దబ్బనం గోనెసంచులకు పనికొచ్చేంత లావు, అది తీసుకోకండి. లావుపాటి కుట్టుసూది సరిపోతుంది.

ఈ కొట్టుకి నేను మళ్లీ మళ్లీ వెళ్లడానికి అసలు కారణం కొట్టు చూసే పెద్దాయన. అట్ట అడగ్గానే "దేనికమ్మా?" అన్నారు. పుస్తకానికి అన్నాను. ఒక ఠావు నా చేతిలో పెట్టి, "మడత పడకుండా ఇటు వంచి సూడు. ఇప్పుడు అటు వంచు" అన్నారు. ఒకవైపు మెత్తగా ఒంగింది, రెండోవైపు బిర్రుగా ఎదురుతిరిగింది. కాగితంలో పీచు ఒక దిక్కుగా పరుచుకుని ఉంటుందట. మెత్తగా ఒంగిన వైపే పుస్తకం మడత రావాలి, అట్టకీ అదే లెక్క. జిగురు తడికి పీచు అడ్డంగా ఉబ్బుతుంది కాబట్టి దిక్కు మారితే అట్ట మెలి తిరుగుతుంది, పుస్తకం బల్ల మీద పరిచినట్టు తెరుచుకోదు. గుడ్డలో నిలువూ అడ్డం చూసి కత్తెర పెట్టే నాకు ఆ మాట వెంటనే ఎక్కింది.

మైదా జిగురులో పురుగు పట్టకుండా బైండింగ్ వాళ్లు మైలతుత్తం కలుపుతారు. అదీ ఆయన దగ్గర ఉంది. నేను అడిగితే, "పిల్లలు ముట్టుకునేవాటికి వద్దమ్మా, అది విషం" అని ఇవ్వలేదు. ఏ పూటకి ఆ పూట మైదా ఉడికించుకోమన్నారు. అమ్ముకోగలిగిన సరుకు వద్దని చెప్పే కొట్టు మీద నాకు గౌరవం కలిగింది.

బ్రౌన్ పేపర్ రెండు రకాలుంది. ప్లాస్టిక్ పూత ఉన్నది వానకి మంచిదేగానీ దాని మీద రంగు నిలవదు. పిల్లలు అలంకరించుకోవాలంటే మామూలుది తీసుకుని, మెరుపు లేని వైపు పైకి వచ్చేలా అట్ట వేయండి. మా బాబు బెండకాయ అచ్చులు వేస్తాడు. కాయను అడ్డంగా కోసి, జిగురు పోయేదాకా పాతగుడ్డ మీద అద్ది, పోస్టర్ కలర్ పల్చగా రాసి నొక్కితే రేకులతో సహా పువ్వు పడుతుంది. మధ్యలో గింజల గుర్తులు కూడా. తరగతిలో ఎవరి పుస్తకం ఎవరిదో పేరు చూడకుండానే తెలిసిపోతోంది.

పొందూరు ఖాదీ జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలతో పుస్తకం మడత మీద పట్టీ వేస్తాను. జిగురు గుడ్డ పైకి ఊరి మరకలు పడకుండా ముందుగా గుడ్డ వెనకవైపు పల్చటి కాగితం అంటించి ఆరనివ్వాలి. అందుకు కావలసిన పల్చటి కాగితం కూడా ఇక్కడే దొరికింది. నేత ఒత్తుగా ఉన్న పెద్ద ముక్కలైతే పెన్సిల్ సంచులకు దాస్తాను.

లోపాలూ ఉన్నాయి. కొట్టు ఇరుకు, ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు రోడ్డు మీదే. పేరు రాసుకునే లేబుళ్ల గమ్ బాగాలేదు, వానాకాలంలో అంచులు లేచిపోయాయి. తెల్లకాగితం ముక్క మీద పేరు రాసి మైదాతో అంటించుకోవడమే నయం. దస్తాకి తక్కువైతే కటింగ్ మిషన్ మీద కోసివ్వరు. అట్టలు చుట్ట చుట్టి రబ్బరుబ్యాండ్ వేసి ఇస్తారు, అది నాకు అస్సలు నచ్చదు. ఒకసారి ఒంగిన అట్ట మళ్లీ తిన్నగా కావడం కష్టం.

అయిదుకి నాలుగు ఇస్తాను. బడులు తెరిచే జూన్ రెండో వారంలో బైండింగ్ వాళ్ల ఆర్డర్లతో ఆయనకి మాట్లాడే తీరిక ఉండదు. మే నెలలో, అదీ పొద్దున్నే వెళ్లండి. వెళ్లేటప్పుడు పాత క్యాలెండర్ అట్టలు రెండు పట్టుకెళ్లి, కొన్నవి వాటి మధ్య పెట్టి కట్టించుకోండి, మూలలు నలగవు.