వెయ్యికి 24 కొసరు: నాలుగేళ్లుగా వాడుతున్న యూనిట్ కన్వర్టర్ యాప్

ఈ యాప్‌లో నాకు ప్రాణమైంది ఒక్కటే. నెట్ వేగం ఏ యూనిట్‌లో కొట్టినా మిగతావన్నీ పూర్తి పేర్లతో ఒకదాని కింద ఒకటి వచ్చేస్తాయి. మెగాబిట్ ఒక వరసలో, మెగాబైట్ ఇంకో వరసలో. చిన్న బి అయితే బిట్, పెద్ద బి అయితే బైట్ అని కళ్లు చికిలించుకుని చూడక్కర్లేదు. నాలాగా కళ్లజోడు వయసు వచ్చినవాళ్లకి అదెంత సుఖమో!

మాది అంబాజీపేటలో పెళ్లి వీడియోల స్టూడియో. తీసిన ఫుటేజీ అంతా హైదరాబాద్‌లో ఉన్న ఎడిటర్‌కి నెట్‌లోనే పంపుతాం. ఈ యాప్ లేని రోజుల్లో ఒకసారి 36 గిగాబైట్ల ఫుటేజీ సెకనుకి 40 మెగాబిట్లు పంపే మా అప్‌లోడ్ లైను మీద పావుగంటలో వెళ్లిపోతుందని పెళ్లివారికి మాట ఇచ్చేశాను. 36 వేల మెగాబైట్లని 40తో భాగిస్తే 900 సెకన్లు వచ్చింది మరి. ఒక బైట్ అంటే ఎనిమిది బిట్లు, ముందు ఎనిమిదితో గుణించాలని తట్టలేదు. తీరా రెండు గంటల పైనే పట్టింది. రావులపాలెంలో రిసెప్షన్ మొదలయ్యే వేళకి స్క్రీన్ మీద వేయడానికి హైలైట్స్ చేతికి రాలేదు. పెళ్లికూతురి తండ్రి ఒక్క మాటా అనలేదు. అది నాకు ఇంకా బాధ. ఆ రాత్రే ఈ యాప్ ఎక్కించుకున్నాను. మళ్లీ ఆ పొరపాటు జరగలేదు. చుట్టుపక్కల స్టూడియోల వాళ్లందరి చేతా పెట్టించాను కూడా.

అప్పుడు చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పలేను.

కిందటేడు ఒక అప్‌డేట్ వచ్చింది. రంగులు మారాయి తప్ప ఇంకేమీ మారినట్టు కనపడలేదు. అదే వారం మేము లైను 100 మెగాబిట్లకి పెంచుకున్నాం. కేబుల్ కుర్రాడు వచ్చి మా కనెక్షన్‌కి పెట్టిన వేగం చూపించాడు, 1,00,000 కిలోబిట్లు. నేను యాప్‌లో 100 మెగాబిట్లు కొడితే 1,02,400 అని వచ్చింది.

"ఏం బాబూ, 2,400 కోసేశారే?" అన్నాను.

"ఆయ్, కొయ్యలేదండి. 100 మెగాబిట్లంటే లక్షేనండి" అన్నాడు.

నేను వినలేదు. ఫోను చేతికిచ్చి చూడమన్నాను. నెలనెలా డబ్బు మాత్రం పూర్తిగా తీసుకుంటారని కూడా అనేశాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు.

మా పెదనాన్నగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రం ఆయనకి చెబితే, "ఒరే, దాంట్లో 2,048 కిలోబిట్లు కొట్టు. ఎన్ని మెగాబిట్లంటుందో చూద్దాం" అన్నారు. కొట్టాను. సరిగ్గా 2 అని వచ్చింది. "తప్పు. 2.048 రావాలి" అన్నారు.

ఆయన చెప్పిన లెక్క ఇదీ. ఫోన్లో మన గొంతుని సెకనుకి 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 8 బిట్లలో పంపితే ఒక కాల్‌కి 64 కిలోబిట్లు. అలాంటివి 32 కలిపితే ఇ1 లైను, అంటే 2,048 కిలోబిట్లు. ఎక్స్ఛేంజీల్లో దాన్ని ఎప్పుడూ 2.048 మెగాబిట్లనే రాస్తారు. లైను వేగంలో కిలో అంటే కచ్చితంగా 1000, మెగా అంటే అలాంటి వెయ్యి కిలోలు. 1024 అనేది కంప్యూటర్ మెమరీ లెక్క. "కొబ్బరికాయలకి కొసరు అడుగుతారు గానీ లైనుకి కొసరేంట్రా? ఆ కుర్రాణ్ణి వెయ్యికి 24 కొసరు అడిగావు నువ్వు" అన్నారు.

సెట్టింగ్స్‌లో వెతికితే 1000 ఉండాల్సిన చోట 1024 ఉంది. నేనెప్పుడూ దాన్ని ముట్టుకోలేదు, అప్‌డేట్‌తోనే మారింది. ఆ 1024 లెక్కకి 1998లోనే కిబి, మెబి, గిబి అని వేరే పేర్లు పెట్టారు. పూర్తి పేర్లు చూపిస్తుందనే కదా నేను ఈ యాప్‌ని అంత మెచ్చుకుంది! మెబిబిట్ లెక్క కట్టి పైన మెగాబిట్ అని పేరు రాస్తే ఇంక ఆ పేర్లెందుకు? నా కోపమంతా అక్కడే. మర్నాడు కేబుల్ ఆఫీసుకి వెళ్లి, తప్పు నాదేనని ఆ కుర్రాడికి అందరి ముందూ చెప్పాను.

ఫైలు సైజు దగ్గర మాత్రం 1024 నిజంగానే కావాలి. విండోస్ 36 జీబీ అని చూపించేది 1024 లెక్కలో. వెయ్యి లెక్కలో అది సుమారు 38.65 గిగాబైట్లు. 40 మెగాబిట్ల లైను మీద 2 గంటలు అనుకున్నది దాదాపు 2 గంటల 9 నిమిషాలవుతుంది. పైగా లైను వేగమంతా ఫైలుకే దక్కదు, ప్యాకెట్ల మీద ఉండే చిరునామాల వంటివాటికి కొంత పోతుంది. అందుకని యాప్ చెప్పిన టైముకి పదోవంతు కలుపుకునే పార్టీకి మాట ఇస్తున్నాను.

నెట్ సినిమాలు చూడ్డానికే అయితే ఈ యాప్ అక్కర్లేదు. మెగాబిట్లని 8తో భాగించుకుంటే చాలు, 100కి 12.5 మెగాబైట్లు. మాఘమాసంలో రోజూ 30, 40 గిగాబైట్లు పంపే నాలాంటివాళ్లకి మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. అదీ లైను నిలకడగా ఉన్న రోజున. మా వైపు గాలివానకి కొబ్బరిమట్ట పడి తీగ తెగిందంటే ఏ లెక్కా పనిచెయ్యదు.

నేనైతే తీసెయ్యలేదు. సెట్టింగ్ 1000కి మార్చి, ఆటో అప్‌డేట్ ఆపేశాను. స్టూడియోల వాళ్లందరికీ మళ్లీ ఫోన్లు చేసి, 2,048 కొట్టి చూడమన్నాను. ముగ్గురి ఫోన్లలో 2 అనే వచ్చింది.