నెల్లూరులో పాట వినడానికి వెళ్తే

ఒంగోలు నుంచి నెల్లూరుకు పాటల కోసం వెళ్ళడం మొన్న శనివారంతో ఐదోసారి. "ఆ పాటలేవో ఫోన్లో వినరాదా, దానికోసం నూట ఇరవై కిలోమీటర్లు పోవాలా?" అంటుంది మా అమ్మ. లెక్కకు ఆమె మాటే నిజం. టికెట్ 250 రూపాయలు, మిగతా ఖర్చు వెయ్యిన్నర.

నేను వెళ్ళేది మాగుంట లేఅవుట్ వైపు ఒక మిద్దె మీదికి. కింద కాఫీ కొట్టు, పైన రేకుల కప్పు కింద అరవై కుర్చీలు. ఇద్దరు స్నేహితులు సొంత డబ్బుతో నడుపుతున్నారు. ఫ్లెక్సీ ఉండదు, ముఖ్య అతిథి ఉండడు. వచ్చే వారం ఎవరు వాయిస్తారో వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు, చూసినవాళ్ళు వస్తారు. ఆరున్నర అంటే ఆరున్నరకే మొదలు. మన వైపు ఇది చిన్న విషయం కాదు.

ఎందుకంటే అంతకుముందు ఊళ్ళో ఒక పెద్ద హాల్లో ఉచితంగా జరిగిన సినీ విభావరికి వెళ్ళాను. ఆరింటికన్నది ఏడుంబావుకు మొదలైంది. మూడు పాటలయ్యాక శాలువాలు, మెమెంటోలు, వాటితో ఫొటోలు. పాడినవాళ్ళు బాగానే పాడారు, కానీ వెనక వాయించేవాళ్ళే లేరు. అంతా ముందే రికార్డు చేసిన ట్రాక్. గాయకుడు ఒక చోట ఊపిరి తీసుకుని ఆలస్యంగా అందుకుంటే ట్రాక్ ఆయన కోసం ఆగదు కదా! ఎకో ఎంత పెట్టారంటే మాటలే అర్థం కాలేదు.

మొన్న మిద్దె మీద వేణువు, తబలా. మధ్యాహ్నం వాన చినుకులు పడి ఆగిపోవడంతో ఒకటే ఉక్క. ఆ ఉక్కకు తబలా తోలు సడలి శ్రుతి దిగుతుంది. వేణువేమో వేడికి పైకి పోతుంది. తబలా ఆయన ప్రతి అంశానికీ ముందు చిన్న సుత్తి తీసుకుని అంచు మీద టకటకా కొట్టుకుంటూ కూర్చున్నాడు. పక్క కుర్చీ పెద్దాయన "ఇదేందయ్యా, వాయించేదానికంటే కొట్టేదే ఎక్కువగా ఉంది" అన్నాడు. ఎనిమిది దాటాక కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద రెండు లైట్లు వెలిగాయి గానీ ఫ్యాన్లు, స్పీకర్లు ఆగిపోయాయి. వాళ్ళు మాత్రం ఆపలేదు. అప్పటిదాకా ఫ్యాన్ల రొదలో పోయిన చిన్న చిన్న గమకాలు, తబలా మీద వేలు జరిగే చప్పుడు కూడా వినబడ్డాయి. చెమటలు కారుతున్నా ఎవరూ లేవలేదు. ఒక పది నిమిషాలు. నా 250 అక్కడే చెల్లిపోయింది.

లోపాలు లేవని కాదు. వాన గట్టిగా పడితే రేకుల కింద ఏమీ వినబడదు. ఒకసారి కార్యక్రమం మధ్యలో ఆపేశారు, డబ్బులు మాత్రం అడక్కుండానే తిరిగిచ్చారు. బాత్రూమ్ ఒక్కటే, అదీ కింద.

బస విషయంలో రెండు తప్పులు చేశాను. మొదటిసారి రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాను. రాత్రంతా రైలు కూతలే. పైగా దిండు మీద ఎవరిదో కొబ్బరినూనె వాసన. రెండోసారి గొప్పకు పోయి ఏసీ హోటల్ తీసుకున్నాను. వెళ్ళేది పదిన్నరకు, లేచేది ఐదింటికి, ఆ కాస్తకు రెండు వేలు దండగ. ఇప్పుడు ఆర్టీసీ బస్టాండు దగ్గర తొమ్మిది వందల గది. వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చిస్తారు. తెల్లారి నడుచుకుంటూ పోయి ఒంగోలు బస్సు ఎక్కేయొచ్చు. రాత్రి ఆటో బేరమే టెన్షన్.

"యాడికన్నా?"

"బస్టాండుకి."

"నూటాయాభై."

"వచ్చేటప్పుడు డెబ్బై ఇచ్చానే."

"అప్పుడు పగలు గదన్నా."

చేపల పులుసు మధ్యాహ్నమే తినండి, మామిడికాయ వేసి నిన్న కాచిందైతే ఇంకా మంచిది. సాయంత్రం మాత్రం కారం దోశతో సరిపెట్టుకోవాలి. కడుపునిండా తిని వేణువు వింటే కునుకు ఆగదు, నాకు అనుభవమే.

ఈసారి సమయం మిగిలి తిప్పరాజువారి వీధికి వెళ్ళాను. గాయకుడు ఎస్పీ బాలు గారి ఇల్లు అక్కడే. 2020లో దాన్ని వేద పాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. వాళ్ళ నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. మైకు లేకపోయినా వీధి చివరిదాకా వినబడాల్సిన కళ అది. లోపలికి వెళ్ళలేదు, కాసేపు ఎదురుగా నిలబడి వచ్చేశాను.

మిద్దె మీద రాబోయేవి మూడున్నాయి. వచ్చే నెల మొదటి శనివారం వయొలిన్, గిటారు కలిపి. దీనికి తప్పకుండా వెళ్తాను. తర్వాతది సొంతంగా తెలుగు పాటలు రాసుకుని పాడే కాలేజీ కుర్రాళ్ళ బ్యాండ్. ఆ రేకుల కింద డ్రమ్స్ అంటే భయమేస్తోంది, వెళ్తే వెనక వరుసలోనే. మూడోది సెప్టెంబరు 25న, బాలు గారి వర్ధంతికి. ట్రాక్ లేకుండా కీబోర్డు, తబలా, ఢోలక్‌తో పాత పాటలట. అమ్మకు చెబితే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెట్లెన్ని ఉంటాయని అడిగింది. మిద్దె నడిపేవాళ్ళలో ఒకతనికి ఫోన్ చేసి కనుక్కున్నాను. "ఇరవై ఆరన్నా, మధ్యలో కూర్చోడానికి అరుగుంది, అమ్మను తీసుకురండి" అన్నాడతను. రెండు టికెట్లు చెప్పాను.